నాన్న అంగీ.. బుడ్డోడి లాగు

పిల్లల షార్ట్స్‌ను మా దిక్కు లాగు అంటారు. "అంగీ లాగు తొడుగు పోరనికి" అంటే బయటికి తయారు చేయమని అర్థం. ఇప్పుడు షాపులకెళ్తే షార్ట్స్, బెర్ముడా, త్రీ-ఫోర్త్ అని పేర్లు పెరిగాయి గానీ లోపల సరుకు అదే. రెండు కాళ్లు, ఒక నడుము, మధ్యలో ఒక వంపు. గుండీ లేదు, కాజా లేదు, కాలర్ లేదు. మిషన్ ముందు మొదటిసారి కూర్చునేవాళ్లకు ఇంతకంటే తేలికైన బట్ట దొరకదు. పైగా దీనికి కొత్త బట్ట కొననక్కర్లేదు. బీరువా కింది అరలో ఎవరూ తొడగని అంగీ ఒకటి ఉంటే చాలు.

ఇదంతా పైసలు మిగుల్చుకోవడానికే అనుకోకండి. అసలు సంగతి ఎండ. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు మే నెలలో నలభై అయిదు డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ ఎండలో రెండేళ్ల పిల్లకు మెరిసే పాలిస్టర్ షార్ట్స్ తొడిగి, దానికి బిగుతు ఇలాస్టిక్ ఉంటే, సాయంత్రానికి నడుము చుట్టూ ఎర్రటి గీత, దాని పక్కన చెమటకాయలు. పిల్ల ఏడుస్తుంది, మనం పౌడర్ చల్లుతాం. పౌడర్ కంటే ముందు మార్చాల్సింది లాగు.

వేములవాడలో బతుకుతూ బట్ట గురించి మాట్లాడితే పక్కనున్న సిరిసిల్ల గుర్తుకు రాకుండా ఉండదు. మరమగ్గాల చప్పుడు లేని వాడకట్టు అక్కడ తక్కువ. 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు ఆ మగ్గాల మీద నేసినవే. కానీ అక్కడ తయారయ్యే బట్టలో పాలిస్టర్‌దే పెద్ద వాటా. చీరకు, లంగాకు అది నడుస్తుంది. కట్టకుండా పక్కన పెట్టిన చీరతో పిల్లకు గౌను కుట్టండి, దసరాకు మురిపెంగా ఉంటుంది. ఎండాకాలం లాగుకు మాత్రం వద్దు. కొందరు అలాంటి చీరల్ని చేను చుట్టూ కట్టి అడవి పందుల్ని ఆపుతున్నారు, ఆ పనికి అవి బ్రహ్మాండం.

మీ చేతిలోది నూలో పాలిస్టరో తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. అంచు నుంచి ఒక పోగు లాగి, స్టీలు పళ్లెం మీద పట్టుకుని అంటించండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. రెండూ కలిపిన బట్ట అయితే కొంత బూడిద, కొంత పూస. పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి, లేకపోతే రేపు అగ్గిపెట్టె వాళ్ల చేతిలో ఉంటుంది.

ఇక ఏ పాత బట్ట పనికొస్తుంది? నా ఓటు మగవాళ్ల ఫుల్ చేతుల నూలు అంగీకి. అంగీ ముందుగా కాలర్ దగ్గర, మోచేతుల దగ్గర పాడవుతుంది. వీపు మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఉతికి ఉతికి మెత్తబడి, కుంచించుకుపోవాల్సింది ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది. లుంగీ కూడా మంచిదే, కానీ కూర్చునే చోట పలచబడి ఉంటుంది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి, జల్లెడలా కనిపించిన భాగం వదిలేయండి. పాత ప్యాంటు అయితే మోకాలి కింది భాగం బాగుంటుంది. కింది మడత అట్లే ఉంచుకుంటే లాగు కాలికి మళ్లీ మడత కుట్టే పని తప్పుతుంది.

కొలత దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఫోన్లో వెతికితే ఉచిత ప్యాటర్న్‌లు బోలెడు. వాటిని జిరాక్స్ సెంటర్లో ప్రింట్ తీయిస్తే ఒక తిరకాసు ఉంది. అక్కడ కాగితానికి సరిపోయేలా బొమ్మను కొంచెం కుదించేస్తారు. అయిదేళ్ల లాగు కాస్తా నాలుగేళ్లది అవుతుంది. వంద శాతం సైజులోనే తీయమని చెప్పాలి. ప్యాటర్న్ మూలన కొలత సరిచూసుకోవడానికి ఒక చిన్న గడి ఉంటుంది, దాన్ని అక్కడే టేపుతో కొలిచి చూడాలి. ఇంకో మాట: దాని మీద రాసిన వయసు నమ్మకండి. నడుము కొలవండి. మన దగ్గర అయిదేళ్ల పిల్లలు అందరూ ఒక్క తీరుగా ఉంటారా?

నన్నడిగితే ప్రింట్ కూడా అక్కర్లేదు. ఇంట్లో ఆ పిల్లకు సరిగ్గా పట్టే లాగు ఒకటి ఉంటుంది కదా, అదే ప్యాటర్న్. దాన్ని నిలువుగా మడిచి, ముందు భాగం పైకి ఉండేలా పాత పేపర్ మీద పెట్టండి. ఇలాస్టిక్‌ను పూర్తిగా సాగదీసి పట్టుకుని చుట్టూ గీయండి. మళ్లీ వెనుక భాగం పైకి ఉండేలా మడిచి ఇంకోసారి గీయండి. రెండు బొమ్మలు ఒక్కలా ఉండవు. వెనుకది నడుము దగ్గర కొంచెం ఎత్తు, వంపు ఎక్కువ లోతు. ఆ తేడా ఉంటేనే పిల్ల కింద కూర్చున్నప్పుడు లాగు వెనుక నుంచి జారదు. టైలరింగ్ సెంటర్లలో దీన్నే పేపర్ కటింగ్ అంటారు.

కాగితం మీద ఇట్లా సైజుల వారీగా గీసి అమ్మడం మొదలుపెట్టినవాళ్లలో ఎబెనెజర్ బటరిక్ అనే అమెరికా దర్జీ పేరున్నవాడు. అది 1863. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే ఊరు ఆయనది. ముందుగా అమ్మింది మగవాళ్లవి, మగపిల్లలవి. ఆడవాళ్ల గౌన్లు తర్వాతి సంగతి.

గీసిన గీత మీదే కత్తిరించేయకండి. పక్కలకు, వంపుకు అర అంగుళం కుట్టు కోసం వదలాలి. నడుము పైన అంగుళంన్నర. కింద ఎంత వదలాలో చివర్లో చెప్తా. అంగీ వీపును నిలువుగా మడిచి వెనుక ముక్క పెట్టి కత్తిరిస్తే రెండూ ఒకేసారి వస్తాయి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. ముందు ముక్కలు అంగీ ముందు భాగాల్లో ఒక్కో దాంట్లోంచి. గుండీల పట్టీని వదిలేయాలి. మూడేళ్ల లోపు పిల్లల బట్టకు గుండీ ఉంచొద్దు, ఊడితే నేరుగా నోట్లోకే. అంగీ జేబును జాగ్రత్తగా విప్పి లాగు వెనుక కుట్టారనుకోండి, ఆ పిల్లగాడు దాంట్లో చింతగింజలు నింపుకుని వాడకట్టంతా తిరుగుతాడు.

కుట్టే వరుస తప్పితేనే గందరగోళం. ముందు ముక్క, వెనుక ముక్క సీదా వైపులు ఎదురెదురుగా పెట్టి బయటి పక్క కుట్టండి, తర్వాత లోపలి కాలి పక్క. రెండు గొట్టాలు తయారవుతాయి. ఒక గొట్టాన్ని సీదా తిప్పి, ఉల్టాగా ఉన్న రెండో గొట్టంలోకి దూర్చండి. ఇప్పుడు వంపులు రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, ముందు వంపు ముందు దానితో, వెనుక వంపు వెనుక దానితో. ఆ వంపును ఒక్కసారి కాదు, రెండుసార్లు కుట్టండి. పిల్లలు దూకేది, చెట్టెక్కేది, జారుడుబండ మీద జారేది ఆ కుట్టు మీదే. మిషన్ లేకపోతే చేత్తోనూ అవుతుంది. సూది ఒకడుగు ముందుకు, అరడుగు వెనక్కి వేస్తూ పోతే కుట్టు గట్టిగా ఉంటుంది. రెండు సీరియళ్ల టైమ్ పడుతుంది, అంతే.

నడుముకు అంగుళం వెడల్పు ఇలాస్టిక్ మ్యాచింగ్ సెంటర్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. పిల్ల నడుము ఇరవై అంగుళాలైతే పద్దెనిమిది చాలు, కలిపి కుట్టడానికి ఇంకో అంగుళం. అంటే ఒక మీటర్లో రెండు లాగులు. బట్టను పావు అంగుళం లోపలికి, తర్వాత మళ్లీ ఇంకోసారి మడిచి కుట్టి, రెండు అంగుళాల సందు వదిలి, పిన్నీసుకు ఇలాస్టిక్ గుచ్చి లాగండి. సందు మూసేయకముందే పిల్లకు తొడిగి చూడండి. మీ రెండు వేళ్లు నడుముకూ ఇలాస్టిక్‌కూ మధ్య హాయిగా దూరాలి. దూరకపోతే వదులు చేయండి.

"నలుగురిలో పాతబట్ట తొడుగుతారా?" అనే మాట తప్పకుండా వస్తుంది. రాజన్న దగ్గర పుట్టెంటుకలు తీయిస్తే కొత్తబట్టే పెట్టండి, దానికెవరూ అడ్డం రారు. కానీ పురిట్లో పడుకున్న బిడ్డను మన ఇళ్లలో మొదట చుట్టేది దేంట్లో? అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలో. అప్పుడు లేని నామోషీ మూడేళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో బట్టలకు 1941 నుంచి రేషన్ పెట్టారు. 1943లో అక్కడి ప్రభుత్వమే పాత బట్టల్ని ఎట్లా వాడుకోవాలో చెప్తూ పుస్తకం వేసింది. పెద్దల బట్టలు కోసి పిల్లలకు కుట్టడం అప్పుడు అక్కడ చాలా ఇళ్లలో జరిగిన పనే.

అయితే ఒక్కటి, అడగకుండా ఎవరి అంగీ మీదా కత్తెర పెట్టకండి. మా వాడకట్టులో ఒకామె ఉంది, భర్త దుబాయ్‌లో. ఆయన వదిలి వెళ్లిన అంగీలు రెండేళ్లుగా బీరువాలో మడతలు విప్పకుండా ఉన్నాయి. ఒకరోజు వీడియో కాల్‌లో ఒక్కో అంగీ ఎత్తి చూపించింది. "ఆ నీలం గీతలది వద్దు, వచ్చినంక నేనే తొడుక్కుంట. ఆ తెల్లది కొయ్యి" అన్నాడట. తెల్లది కోసింది. లాగు తొడుక్కున్న పిల్లగాడు ఫోన్ ముందు గిరగిరా తిరిగి చూపిస్తుంటే అటువైపు ఆయన కాసేపు ఏం మాట్లాడలేదట. ఆ తర్వాత, "జేబు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడట. మర్నాడు జేబు పడింది.

కింద ఎంత వదలాలో చెప్తానన్నాను కదా. రెండున్నర అంగుళాలు వదిలి లోపలికి మడిచి చేత్తో తురుపాయి చేయండి, మిషన్ కుట్టు వద్దు. వచ్చే ఏడు పిల్ల పొడుగు పెరిగితే దారం లాగి ఒక అంగుళం దించొచ్చు. చివరగా, ఇలాస్టిక్ లాగులకు ముందేదో వెనుకేదో పిల్లలకు తెలియదు, ఉల్టా తొడుక్కుంటారు. దానికి అంగీ కాలర్‌కు ఉన్న లేబుల్ విప్పి నడుము వెనుక లోపలి వైపు కుట్టేయండి. మూడేళ్లోడి లాగు మీద నలభై రెండు సైజు అని ఉంటుంది, ఉండనివ్వండి.