ఫౌతి కాగితంలో లేని పేర్లు

గత నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి చాలా చిన్నది. రాసిన సోదరి తన పేరును, ఊరును ప్రకటించవద్దని కోరారు. తండ్రిగారు మరణించిన పిమ్మట పొలాన్ని తమ్ముళ్ళ పేరిట మార్చడానికి ఒక కాగితంపై సంతకం అడిగారట, ఆమె పెట్టారట. "ఇష్టపడి పెట్టలేదు, కాదనలేక పెట్టాను. పుట్టింటి గడప దూరమవుతుందని భయపడ్డాను. షరీఅత్ ప్రకారం నా వాటా ఉన్నట్టా, పోయినట్టా?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం రాయ కూర్చుని రెండు వాక్యాలు రాసేసరికి మా కలం ఆగిపోయింది. అటువంటి కాగితమే పదకొండేళ్ళ క్రితం మా ఇంట్లోనూ తయారయింది. ఆనాడు సంతకాలు తీసుకున్నవారిలో మేమూ ఉన్నాము. ఆ సంగతి దాచిపెట్టి ఈ సోదరికి హితవు చెప్పడం మాకు తగదు. అందుచేత మా ఇంటి లెక్క ముందు చెప్పి, తరువాత ఆమె ప్రశ్నకు వస్తాము.

మా తండ్రిగారు పల్నాటి ప్రాంతంలో ఎనిమిది ఎకరాల మెట్ట వదలి వెళ్ళారు. వారసులుగా మా అమ్మగారు, మా అన్నగారు, మేము, ముగ్గురు అక్కచెల్లెళ్ళు. దివ్యఖుర్ఆన్ చూపిన పద్ధతిలో దీనిని పంచడానికి గణిత పండితుడు అక్కరలేదు. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, అనగా ఒక ఎకరం. మిగిలిన ఏడెకరాలలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. ఇద్దరు కుమారులకు నాలుగు, ముగ్గురు కుమార్తెలకు మూడు, మొత్తం ఏడు పాళ్ళు. కనుక మాకు చెరి రెండెకరాలు, ఆడపడుచులకు తలా ఒక ఎకరం. గజం భూమి కూడా మిగలదు, తగ్గదు. ఇంత తేలిక లెక్కను మేము చేయలేదు. కార్యాలయం బయట దరఖాస్తులు రాసే పెద్దమనిషి "ఆడపిల్లల చేత అంగీకారం రాయించుకోండి, అందరూ చేసేదే" అన్నాడు. అందరూ చేసేదే మేమూ చేశాము. ఎనిమిది ఎకరాలు చెరి నాలుగుగా మా ఇద్దరి పాసు పుస్తకాలలోకి ఎక్కాయి. అమ్మగారి ఎకరం కూడా అందులోనే కలిసిపోయింది. ఆమె మహర్ చెల్లినదో లేదో అడగాలన్న స్పృహ సైతం మాకు కలగలేదు. చెల్లించని మహర్ మృతుని మీద ఉన్న అప్పు. అప్పులు తీర్చి, మూడో వంతుకు మించని వసీయత్ ఉంటే దానిని నెరవేర్చి, ఆ పైనే పంపకం మొదలు కావాలి.

పెద్ద ఆపా భర్త కౌలు రైతు. పరుల భూమిలో మిరప వేసేవారు. కౌలుదారుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల గడువుతో సాగు హక్కు పత్రం ఇస్తామన్నది. అయితే భూయజమాని సంతకం లేనిదే ఆ పత్రం రాదు. సంతకం పెడితే భూమి చేజారిపోతుందేమోనని యజమానుల భయం. పత్రం లేకపోతే బ్యాంకు గడప ఎక్కలేరు, పంట నష్టానికి పరిహారం అందదు. బావగారికి ఒక్క ఏడూ యజమాని సంతకం దొరకలేదు. ఆయన ఏటేటా నూటికి ఇంతని వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టేవారు. ఆ సంవత్సరాలన్నింటిలోనూ ఆయన భార్యకు చెందవలసిన ఎకరం మా నాలుగెకరాల చెక్కల్లో మా పంట పండిస్తూనే ఉన్నది. ఈ రెండు సంగతులను మేము ఒకచోట పెట్టి చూడలేదు.

బావగారు మరణించి నాలుగేళ్ళయింది. మరుసటి ఏడు ఆపా మా ఇంటికి వచ్చి, కూతురి కళాశాల ఫీజుకు ముప్పై వేల రూపాయలు అప్పు అడిగింది. ఇచ్చాము. పది నెలలలో తిరిగి తెచ్చి ఇచ్చింది. లెక్కపెట్టి తీసుకున్నాము. అప్పు ఇచ్చినందుకు మాలో మేము కొంత సంతోషించాము కూడా. ఆ సోదరి ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ లెక్కపెట్టడమే.

హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఉహుద్ యుద్ధంలో వీరమరణం పొందారు. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. ఆయన సోదరుడు అప్పటి ఆచారం ప్రకారం ఆస్తి అంతా తీసుకున్నాడు. భార్య ఆ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, ధనం లేనిదే వీరి వివాహాలు జరగవని విన్నవించుకున్నారు. వారసత్వ ఆయతు అవతరించింది. అంతట ప్రవక్త ఆ సోదరుణ్ణి పిలిపించి, ఆస్తిలో మూడింట రెండు వంతులు కుమార్తెలకు, ఎనిమిదో వంతు వారి తల్లికి ఇవ్వమనీ, మిగిలినది అతనిదనీ ఆదేశించారు. తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాలలో హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ఈ ఉల్లేఖనం ఉన్నది. ఇరవై నాలుగు భాగాలు చేస్తే కుమార్తెలకు పదహారు, భార్యకు మూడు, సోదరునికి అయిదు. దీనిని మేము ఎన్ని ప్రసంగాలలో విన్నామో, ఎన్నిసార్లు ఇతరులకు వినిపించామో లెక్క లేదు. "ఇస్లాం స్త్రీకి పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఆస్తి హక్కు ఇచ్చింది" అని సభలలో చెప్పేటప్పుడు మన గొంతు ఎంతో ధీమాగా పలుకుతుంది.

తెలుగులో 'వారసుడు' అనే మాట అరబ్బీ 'వారిస్' నుంచి వచ్చినది. పట్టాదారు మరణించినప్పుడు జరిగే పేరు మార్పిడిని రెవెన్యూ భాషలో 'ఫౌతి' అంటారు, అదీ మరణమని అర్థమిచ్చే అరబ్బీ మాటే. తెలంగాణలో దానినే 'విరాసత్' అంటారు. కౌలు, రైతు, పారిఖత్తు కూడా ఆ దారిన వచ్చినవే. మాటలు ఊరంతటికీ ఇచ్చాము. వాటి వెనుక ఉన్న న్యాయం మాత్రం మన ఇళ్ళలోనే నిలవలేదు. పొరుగు హిందూ కుటుంబాలలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఆ ఇళ్ళలో ఇప్పుడు కుమార్తెలు అడుగుతున్నారు, కొన్నిచోట్ల పొందుతున్నారు. మన ఇళ్ళలో అడగడమే సిగ్గుమాలిన పనిగా చూస్తున్నాము.

చట్టం అడ్డు వచ్చిందని తప్పించుకొనే వీలు కూడా మనకు లేదు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి మినహాయించిన మాట నిజం. ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల ముస్లిం స్త్రీలకు పొలంలో వాటా దక్కకపోవడానికి ఆ మినహాయింపు, దాని తరువాత వచ్చిన భూసంస్కరణ చట్టాలు కారణమయ్యాయి. అక్కడ 1950 నాటి జమీందారీ రద్దు చట్టం మతంతో నిమిత్తం లేకుండా భూమి వారసత్వంలో మగవారికి ముందు వరుస ఇచ్చింది. కానీ మద్రాసు రాష్ట్రం 1949లోనే సవరణ తెచ్చి ఆ మినహాయింపును తొలగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. మా పల్నాటి పొలానికి షరీఅత్ వర్తించకుండా ఆపిన శాసనం ఏదీ లేదు. ఆపినది మా పెరటి గోడ లోపలి మర్యాదే.

పెళ్ళికి కట్నకానుకలు ఇచ్చాము కదా అన్న వాదన ఒకటున్నది. కట్నమే షరీఅత్‌లో లేనిది. లేనిదానిని ఇచ్చి ఉన్నదానిని ఎగవేయడం ఏ లెక్కో మాకు ఇప్పుడు బోధపడడం లేదు. ఉన్నదే నాలుగు కుంచాల నేల, అందులో ముక్కలెందుకు అంటారు మరికొందరు. గ్రామాలలోని మన కుటుంబాలలో అధికభాగం చిన్న కమతాలవారు, లేదా భూమి లేనివారు. కనుక ఈ మాటలో బాధ ఉన్నది. అయినా అన్-నిసా సూరా ఏడో ఆయతు స్త్రీల వాటా గురించి చెబుతూ, వదలిన ఆస్తి కొద్దిదైనా ఎక్కువైనా అని విడమరచింది. వాటా ఉండడం వేరు, గట్టు వేయడం వేరు. భూమి ఒకే చెక్కగా ఉండి అన్న దున్నుకోవచ్చు, చెల్లెలి పేరు రికార్డులో ఉండి ఆమె కౌలు ఆమెకు చేరవచ్చు.

పేరు రికార్డులో ఉండడాన్ని చిన్న విషయంగా తలచరాదు. పాసు పుస్తకం లేని స్త్రీ రోజంతా కలుపు తీసినా ప్రభుత్వ దృష్టిలో రైతు కాదు. పంట రుణం రాదు, కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయలు రావు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతదారులలో స్త్రీలు సుమారు 14 శాతం మాత్రమే.

ఇక ఆ సోదరి ప్రశ్న. అమ్మా, మీ వాటా మీ తండ్రిగారు కన్నుమూసిన క్షణాననే మీదయింది. ఎవరో ఇస్తే వచ్చేది కాదు. భయంతోనో మొహమాటంతోనో వదిలినది మనస్ఫూర్తిగా వదిలినట్టు కాదని మేము సంప్రదించిన ఆలిములు చెప్పారు. చట్టం సంగతి చూస్తే, మీరు సంతకం పెట్టినది రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజా, లేక పేరు మార్పిడి దరఖాస్తుకు జతచేసిన అంగీకార పత్రమా అన్నది ముందు తెలుసుకోండి. రెండోదయితే రెవెన్యూ రికార్డు మారినంత మాత్రాన యాజమాన్య హక్కు సాధారణంగా పోదు. రిజిస్టరై ఉంటే దారి కష్టతరం, గడువులు కూడా ఉంటాయి, న్యాయవాదిని ఆలస్యం చేయక కలవండి. తండ్రిగారి పేరిట ఉన్న పాత అడంగల్, 1బి నకళ్ళు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసి పెట్టుకోండి. కోర్టుకు పోకముందే మీ ఊరి పెద్దలలో అల్లాహ్‌కు భయపడేవారిని ఒకరిని మీ తమ్ముళ్ళ వద్దకు పంపండి. వీలయితే ఈ పుటను వారికి చూపించండి. తీసుకున్నవాడు రాసినదని చెప్పండి.

మా ఇంట్లో పారిఖత్తు రిజిస్టరయింది. అన్నగారు మొదట రెండు రోజులు మాతో మాట్లాడలేదు, మూడో రోజు తానే స్టాంపు కాగితాలు తెచ్చారు. అమ్మగారి ఎకరం అమ్మగారికి వచ్చింది. పెద్ద ఆపాకు ఆమె ఎకరంతో పాటు పదకొండేళ్ళ కౌలు లెక్కకట్టి, మా ఇద్దరి వంతూ విడతలుగా చెల్లిస్తున్నాము. మొదటి విడత చేతికిచ్చినప్పుడు ఆమె లెక్కపెట్టలేదు. రెండో చెల్లెలు తన ఎకరాన్ని అన్నగారికే కౌలుకు ఇచ్చింది, రేటు తానే చెప్పింది. మూడో చెల్లెలు మాత్రం "నాకెందుకు భయ్యా, మీరే ఉంచుకోండి" అన్నది. ముందు నీ పేరు ఎక్కనీ, పాసు పుస్తకం నీ బీరువాలో ఒక ఏడాది ఉండనీ, ఆ తరువాత నీ ఇష్టం అన్నాము. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు.