చింతచెట్టు చెప్పని కథ

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వచ్చే కొత్తవారికి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సంగతి ఎవరో ఒకరు చెప్పకమానరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలను ఊడ్చుకొనిపోయిన వేళ, ఆ చెట్టు కొమ్మలపై సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. వరదకు దోషి లేడు. కనుకనే ఆ కథను తాతలు మనుమలకు నిస్సంకోచంగా చెప్పగలిగారు.

1948 నాటి కథ అట్టిది కాదు. ఆ ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు గ్రామస్థులను కాల్చి చంపారు. ఆ నెలలోనే వారిని ఎదిరించి వ్రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్యకు గురి అయ్యాడు. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య ఐదు దినాలలో ముగిసినది గాని, దాని వెన్నంటి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో ముస్లిములపై ఊచకోత సాగినది. హతులు 27 వేలనుండి 40 వేలవరకు ఉందురని సుందర్‌లాల్ బృందం అంచనా కట్టినది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ప్రభుత్వం దాచినదానిని ఇళ్లలో పెద్దలూ దాచారు. ఒకరు భయంచేత, ఒకరు సిగ్గుచేత.

నాజీల మారణకాండలో సుమారు 60 లక్షలమంది యూదులు బలి అయ్యారు. బ్రతికి బయటపడినవారి సంతతి కలం పట్టడానికి ఒక తరం పట్టినది. రాజ్యయంత్రమంతా కూడబలుక్కొని సాగించిన ఆ జాతినిర్మూలనను మరి దేనితోనూ తక్కెడలో తూచరాదు. ఇక్కడ పోలిక ఇంట మిగిలిన మౌనానికే. హెలెన్ ఎప్‌స్టీన్ 1979లో అట్టి సంతానాన్ని వెదకి మాట్లాడించి గ్రంథం వెలువరించినది. ఆర్ట్ స్పీగెల్‌మన్ తండ్రి మాటలను టేపుపై పట్టి ‘మౌస్’ అను బొమ్మల కథగా మలచాడు. 1992లో దానికి పులిట్జర్ గౌరవం లభించినది. తల్లి వ్రాసుకొన్న దినచర్యలను తండ్రి తగులబెట్టిన వైనం అందులో ఉన్నది. తండ్రి పిసినారితనమూ, నల్లవారిపట్ల అతని చులకనా ఉన్నవి. బాధితుని మహాత్మునిగా దిద్దకపోవడమే ఆ రచనకు బలం.

తెలుగులో తెలంగాణ పోరాటాన్ని దాశరథి రంగాచార్య వంటివారు నవలలుగా వ్రాశారు. పోలీసు చర్యలో ముస్లిముల అనుభవంపై తెలుగు కవి అఫ్సర్ పరిశోధన 2023లో గ్రంథంగా వచ్చినది. అది ఇంగ్లీషులో వచ్చినది. కుటుంబం తన కథను తానే తెలుగులో చెప్పుకొనడం ఇంకను అరుదు. నాడు పదేండ్లవారు నేడు తొంభైకి చేరువలో ఉన్నారు. పెట్టె అడుగున ఉన్న ఉర్దూ కాగితాలను చదవలేని మనుమలు ఎందరో! ఏ దారిన పారిపోయారు, ఏమి మూటగట్టుకొన్నారు, ఎవరు దాచారు, వెనుక విడిచిన పొలాన్ని ఎవరు దున్నుకొన్నారు అని వారు అడగవలసి ఉన్నది. ఆఖరి ప్రశ్నకు సమాధానం ఒక్కొక్కప్పుడు సొంత ఇంటనే దొరకవచ్చును. అదీ వ్రాయవలసినదే.

నయాపూల్‌కు కూతవేటు దూరాన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. 1891లో ఆసఫియా పేరిట వెలసిన ఆ సంస్థలో ఉర్దూ, తెలుగు గ్రంథాలు ఒకే కప్పు క్రింద ఉన్నవి. అచ్చుకు నోచుకోని ఇట్టి నోటుపుస్తకాలకు, అవి ఏ మతంవారివైనను, ఏ భాషలోనున్నను, అక్కడ ఒక బీరువా కేటాయించవచ్చును. అందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు.