బస్తా వెంట వచ్చే సీసా వద్దు

సంక్రాంతి దాటింది. అక్టోబరు, నవంబరుల్లో నాటిన వెల్లుల్లి ఇప్పుడు గడ్డ ఊరుతోంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఎరువుల అంగట్లో యూరియా బస్తా వెంట ఓ సీసా కూడా రైతు చేతికొస్తోంది. "సముద్రపు నాచు రసం అన్నా, అచ్చం సహజం. పాయ గుప్పెడంత ఊరుతుంది." వద్దంటే బస్తా కూడా లేదంటారు.

తీసుకోకండి. అలా అంటగట్టడమే తప్పు. నాచు రసం లాంటి ఈ జీవ ఉత్ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) 2021 ఫిబ్రవరిలోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. తాత్కాలిక అనుమతులతో అమ్ముకున్న సరుకుకు 2025 జూన్ 16తో గడువు తీరింది. కేంద్రం నోటిఫై చేసినవే అమ్మాలి, అదీ చెప్పిన పంటకే. సీసా తిప్పి చూడండి. లోపల ఏముందో, ఏ పంటకో రాసి లేకపోతే అక్కడే పెట్టి రండి.

నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం దండగని కాదు. వాటి అదను వేరూ ఆకూ పెరిగే తొలి రోజుల్లో. యూరియా సంగతీ అంతే: గడ్డ ఊరేటప్పుడు నత్రజని, నీరు దండిగా పడితే రెబ్బలు పొలంలోనే మళ్లీ మొలకలేస్తాయి. పాయ చూడ్డానికి లావే, నొక్కితే రబ్బరు. దాన్ని వ్యాపారి సంగతలా ఉంచి, ఆవకాయ పెట్టే మా అమ్మే ఏరి పారేస్తుంది.

నీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. వెల్లుల్లి వేళ్లు జానెడు, జానెడున్నర దాటి పెద్దగా దిగవు. మడి నిండా పారించిన నీళ్లలో చాలావరకు వాటిని దాటి కిందికి ఇంకిపోతాయి. బాగా ఎండబెట్టి ఒక్కసారి ముంచితే గడ్డ పగులుతుంది. డ్రిప్ ఉంటే రోజు విడిచి రోజు కొంచెం కొంచెం ఇవ్వండి. లేకుంటే నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్దయి, అరచేతికి తడి అంటితే ఆ రోజుకు మోటారు వేయొద్దు. డ్రిప్‌లో జీవామృతం వదిలేవాళ్లు గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. లేదంటే రంధ్రాలు పూడి, ఒక సాలు తడిసి పక్క సాలు ఎండుతుంది.

ఆకు కొనలు పసుపెక్కి తల వాలుతోందంటే తడి ఆపే వేళయింది. (తామర పురుగు గీకిన ఆకు వెండిలా మెరుస్తుంది, అది వేరు.) తవ్వే ముందు రెండు మూడు వారాలు చుక్క నీరు వద్దు. చేను వాడిందని జాలిపడి ఇచ్చే ఆ ఆఖరి తడే అటక మీద గడ్డను కుళ్లబెడుతుంది.

సీసా ఇప్పటికే అంటగట్టించుకున్నవాళ్లు బిల్లుతో సహా మండల వ్యవసాయాధికారి దగ్గరికి పట్టుకెళ్లండి. మూత తీయకుండా.