మూలల లెక్క పట్టాదారు చేతికివ్వండి

నక్షాయే లేని ఊళ్లు తెలంగాణలో 413 ఉన్నాయని ప్రభుత్వమే లెక్క తేల్చింది. వాటిలో ఐదింటిని 2025లో ప్రయోగాత్మకంగా రీసర్వేకు ఎంచుకుంటే, పాత కరీంనగర్ జిల్లా నుంచి బీర్‌పూర్ మండలం కొమ్మనపల్లికి ఆ జాబితాలో చోటు దక్కింది. అదే ఏడాది ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. భూమి చేతులు మారేటప్పుడు సర్వే మ్యాపు జతపరిచే పద్ధతికి దారి వేసింది. మంచిదే. అయితే రైతుకు అందాల్సింది బొమ్మ ఒక్కటేనా?

పాత పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు. అటు గొలుసు, ఇటు గొలుసు కొలిస్తే గుంట, అంటే 121 చదరపు గజాలు. హద్దురాయి కదిలితే గొడవే. టిప్పన్ (పొలం కొలతల పాత చిత్తు పటం) తెరిచి, దొరికిన రాయి దగ్గర్నుంచి మళ్లీ కొలుచుకుంటూ రావాలి. ఇప్పుడు సర్వేయర్ రోవర్ కర్రను పొలం మూలన నిలబెడితే ఉపగ్రహాల సంకేతాలతో ఆ బిందువుకు రెండు అంకెలు వస్తాయి. కరీంనగర్ పట్టణం దగ్గరైతే ఎక్స్ సుమారు మూడు లక్షల మీటర్లు. భూమధ్యరేఖ నుంచి లెక్కించే వై ఇరవై లక్షల మీటర్ల పైచిలుకు. రాయి పోయినా, గట్టు దున్నేసినా ఆ అంకెలు పోవు.

పోయేది ఆఫీసులో!

అంకెలు ఆటోక్యాడ్‌లోకి వెళ్లి గీతలవుతాయి. గీత మీద క్లిక్ చేసి లిస్ట్ కమాండ్ ఇస్తే ప్రతి మూల ఎక్స్, వై విలువలు వరసగా తెర మీద పడతాయి, వాటితోపాటు విస్తీర్ణం కూడా. చదరపు మీటర్లలో ఉన్న ఆ విస్తీర్ణాన్ని 101.17తో భాగిస్తే ఎన్ని గుంటలో తేలిపోతుంది. వందల బిందువులున్నా డేటా ఎక్స్‌ట్రాక్షన్‌తో ఎక్సెల్ పట్టికలోకి దింపుకోవచ్చు. టీ చల్లారేలోపు అయిపోయే పని. కానీ లక్షల్లో ఉన్న అంకెలతో హ్యాచ్ గీతలు సరిగ్గా పడడం లేదని డ్రాఫ్ట్స్‌మన్ బొమ్మ మొత్తాన్ని సున్నా దగ్గరికి జరిపేస్తే, నేల మీది చిరునామా అక్కడితో సరి. కాగితంలో ఇమడాలని అక్షాలు తిప్పితే లిస్ట్ చూపే అంకెలు ఆ తిప్పిన అక్షాల లెక్కలోవే. చివరికి పీడీఎఫ్‌గా మారితే మిగిలేది చూపుకు ఇంపైన రంగుల పటం. పక్క పొలం వాళ్లు గట్టు జరిగిందంటే మళ్లీ సర్వేయర్, మళ్లీ ఫీజు.

ఆదిలాబాద్ వైపు ఇంకో చిక్కుంది. మీటర్లలో లెక్కించే యూటీఎం పద్ధతి ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున జోన్లుగా కోసింది. 43, 44 జోన్ల మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. అది పాత ఆదిలాబాద్ జిల్లాను కోసుకుంటూ పోతుంది. భైంసా, ముథోల్, బాసర 43వ జోన్‌లో పడతాయి. ఆదిలాబాద్ పట్టణం, మంచిర్యాల 44లోకి వస్తాయి. సరిగ్గా ఆ గీత మీదున్న పొలం మూలకు ఒక జోన్ లెక్కలో ఎక్స్ దాదాపు 8 లక్షల 16 వేలు, మరో జోన్ లెక్కలో లక్షా 84 వేలు. రెండూ ఒప్పే. జోన్ ఏదో రాయకపోతే మాత్రం పట్టిక ఎంత చక్కగా ఉన్నా పొలం వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది.

కాబట్టి సర్వే మ్యాపు ఇచ్చే ప్రతిచోటా దానితోపాటు మూలల పట్టిక కూడా పట్టాదారుకు ఇవ్వాలి. జోన్, డేటమ్ (కొలతలకు ఆధారమైన భూనమూనా), కొలిచిన తేదీ దాని మీదే ఉండాలి. డ్రాయింగ్ ఫైలు అడిగిన వాళ్లకు ఆ ఫైలూ ఇవ్వాలి. కాలువకో, రోడ్డుకో భూమి పోతున్న రైతుకు ఇది మరీ అవసరం. సర్వే నంబరు, గుంటలు చూపిస్తే ఎంత పోతుందో తెలుస్తుంది గానీ, బావి గీతకు ఇవతల ఉందో అవతల ఉందో తెలియదు. అంకెలు సామాన్యులకు అర్థం కావన్న వాదనలో పస లేదు. ఊళ్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్నారు, ఫోన్లలో మ్యాపులున్నాయి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించవచ్చు. గట్టు తగువు దానితో తీరకపోయినా, పొలం మొత్తం వేరే సర్వే నంబరులో పడిందేమో పట్టుకోవడానికి చాలు. ఖచ్చితంగా కావాలంటే అవే అంకెలతో ఏ లైసెన్స్‌డ్ సర్వేయరైనా రోవర్ తెచ్చి చూసి చెబుతాడు.

ముందుగా, భైంసా, ముథోల్, బాసర ఉన్న నిర్మల్ జిల్లాలో ఇచ్చే మ్యాపుల మీద, మండలం పేరు పక్కన 43నో 44నో ముద్రించడం మొదలుపెడితే బాగుంటుంది. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.