పతకం చూసి ఓటేద్దామా?

సినిమా వాళ్లు ఓట్లడగడానికి రావడం మన వైపు ఆడవాళ్లకి కొత్తేమీ కాదు. 1989లో ఏలూరు నుంచి హీరో కృష్ణని లోక్‌సభకి పంపించాం. 1991లో మళ్లీ నిలబడితే ఓడించేశాం. తాడేపల్లిగూడెం నరసాపురం లోక్‌సభ సీటు కిందికి వస్తుంది కదా, 1999లో అక్కడ కృష్ణంరాజు గెలిచారు. 2009లో చిరంజీవి సొంత జిల్లాయే కదా అని పాలకొల్లులో నిలబడితే, బంగారు ఉషారాణి గారి చేతిలో ఓడిపోయారు. చూడ్డానికి ఎగబడినా, ఓటు దగ్గరికి వచ్చేసరికి మనవాళ్లు కాస్త లెక్క చూసుకుంటారన్నమాట.

ఇప్పుడు ఆటల వాళ్ల వంతు వచ్చింది. ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చాలు, ఫలానా క్రికెటర్ ఏ పార్టీలో చేరతాడు, ఫలానా పతకాల అమ్మాయికి ఏ సీటు ఇస్తారు అని పేపర్ల నిండా అవే కబుర్లు. రేపు మన గుమ్మం ముందూ ఒక జీపు ఆగొచ్చు. హారతి పళ్లెం అందుకునే ముందు కాస్త ఆలోచించుకుంటే తప్పా?

మన తెలుగు క్రికెటర్లు

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన అజారుద్దీన్ 2009లో ఎక్కడ గెలిచారో తెలుసా? ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో. 2014లో ఆయన్ని పార్టీ రాజస్థాన్‌కి పంపింది. టోంక్-సవాయ్ మాధోపూర్‌లో ఓడిపోయారు. సొంత ఊరికి వచ్చి 2023లో జూబ్లీహిల్స్‌లో నిలబడితే అక్కడా ఓటమే. చివరికి 2025 అక్టోబరు 31న తెలంగాణలో మంత్రిగా ప్రమాణం చేశారు.

గుంటూరు అబ్బాయి అంబటి రాయుడిది ఇంకో కథ. 2023 డిసెంబరు 28న వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. పట్టుమని పది రోజులు కాకుండానే, జనవరి 6న బయటికి వచ్చేశారు. దుబాయ్ లీగ్‌లో ఆడాలి, ఆడుతున్నంత కాలం ఏ పార్టీతోనూ సంబంధం ఉండకూడదు అన్నది ఆయన చెప్పిన కారణం.

వీళ్లని తప్పు పట్టడానికి కాదు ఇదంతా. పార్టీలకి కావలసింది పేరు. ఆ పేరు ఏ ఊళ్లో చెల్లుతుందనుకుంటే ఆ ఊరికి పంపుతాయి. ఆ ఊరి జనంతో ఆ మనిషికి ఏం సంబంధం అన్నది తర్వాత సంగతి.

ఆడవాళ్ల సంగతి వేరు

క్రీడాకారిణులు రాజకీయాల్లోకి వస్తే మాత్రం మనకి లోలోపల సంతోషంగానే ఉంటుంది. కారణం లేకపోలేదు. మన దేశంలో ఆడమనిషికి టికెట్ ఎలా వస్తోంది? భర్త పోతే సానుభూతి కోసం ఇస్తారు. సీటు రిజర్వు అయితే నాయకుడి భార్యకో, కూతురికో, కోడలికో ఇస్తారు. ఆటల అమ్మాయి అలా కాదు. ఆవిడ పేరు ఆవిడే సంపాదించుకుంది. నాన్న పేరూ కాదు, మొగుడి పేరూ కాదు. చెమటోడ్చి తెచ్చుకున్న సొంత పేరు.

అన్నిసార్లూ అలాగే ఉంటుందనుకోకండి. బీహార్‌లోని జముయిలో 2020లోనూ, 2025లోనూ గెలిచిన షూటర్ శ్రేయసీ సింగ్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం సాధించిన అమ్మాయి. తండ్రి కేంద్రంలో మంత్రిగా చేశారు, తల్లి ఎంపీగా చేశారు. అక్కడ తుపాకీ గురితో పాటు ఇంటి పేరూ ఉంది.

పతకం గుమ్మం దాకే

సొంత పేరైనా సరే, అది మనిషిని గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది జనం వేరేగా తేల్చుకుంటున్నారు.

1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 800, 1500 మీటర్ల పరుగుల్లో రెండు స్వర్ణాలు తెచ్చిన జ్యోతిర్మయి సిక్దర్ గుర్తుందా? 2004లో బెంగాల్‌లోని కృష్ణానగర్ నుంచి సీపీఎం ఎంపీగా గెలిచారు. 2009లో ఓడారు. ఓడించింది ఎవరో కాదు, తపస్ పాల్ అనే సినిమా నటుడు! ఒక పేరుతో వచ్చిన సీటు అంతకన్నా ఎక్కువ మోగే ఇంకో పేరుతో పోయినట్టుంది.

కుస్తీలో పతకాలు తెచ్చిన బబితా ఫోగట్ 2019లో పోలీసు ఉద్యోగం వదులుకుని హర్యానాలోని దాద్రిలో నిలబడ్డారు. గెలవలేదు. డిస్కస్ త్రోలో 2010 కామన్వెల్త్ స్వర్ణం సాధించిన కృష్ణా పూనియా 2013లో రాజస్థాన్‌లోని సాదుల్‌పూర్‌లో ఓడిపోయారు. అయినా ఆ నియోజకవర్గాన్ని వదల్లేదు. 2018లో అక్కడే గెలిచారు, 2023లో అక్కడే మళ్లీ ఓడారు. ఆటలో లాగే ఇక్కడా ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

మగవాళ్లకీ ఇది దగ్గరి దారేం కాదు. పాకిస్తాన్‌లో ఇమ్రాన్ ఖాన్ పార్టీ పెట్టింది 1996లో, ప్రధాని అయింది 2018లో. ప్రపంచ కప్పు తెచ్చిన కెప్టెన్‌కే ఇరవై రెండేళ్లు పట్టింది.

ఇంకో దారీ ఉంది. మేరీ కోమ్‌ని 2016లోనూ, పి.టి. ఉషని 2022లోనూ రాజ్యసభకి నామినేట్ చేశారు. గౌరవం బాగానే ఉంది. కాకపోతే ఎండలో ఇల్లిల్లూ తిరిగి, అక్కా, పిన్నీ అని పిలిచి, తిట్లూ దీవెనలూ రెండూ తిని వచ్చిన సీటుకీ దీనికీ తేడా ఉంది కదా!

వినేశ్ దగ్గర చూడాల్సింది

2024 ఆగస్టులో పారిస్‌లో వంద గ్రాముల బరువు ఎక్కువ ఉందని ఫైనల్ ఆడనివ్వకపోతే, వినేశ్ ఫోగట్ కోసం మనమంతా కన్నీళ్లు పెట్టుకున్నాం. సెప్టెంబరులో ఆమె కాంగ్రెస్‌లో చేరారు. అక్టోబరులో హర్యానాలోని జులానాలో 6,015 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ కన్నీళ్ల వల్లే గెలిచిందని చాలామంది అన్నారు. అదే సీటులో ఇంకో పార్టీ తరఫున కవితా దలాల్ అనే మరో కుస్తీ యోధురాలు నిలబడి ఓడిపోయారు. కుస్తీ పేరొక్కటే సరిపోదని అక్కడే తెలిసిపోయింది.

వినేశ్ రాజకీయం టికెట్‌తో మొదలు కాలేదు. 2023 జనవరిలో కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు అమ్మాయిల్ని వేధిస్తున్నాడని ఆరోపిస్తూ, తోటి క్రీడాకారులతో ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర కూర్చుంది. ఆయన ఆ ఆరోపణల్ని ఖండించారు, వ్యవహారం కోర్టులకి చేరింది. ఆ మే 28న పోలీసులు వాళ్లని ఈడ్చుకెళ్లడం టీవీలో చూశాం. ఇంకా ఆడుతున్న అమ్మాయి, జట్టులో చోటు ఎవరి చేతిలో ఉందో వాళ్లనే నిలదీసింది. ఆవిడ పార్టీ మనకి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఎమ్మెల్యేగా ఎలా పనిచేసిందన్నది జులానా వాళ్లు తేల్చుకుంటారు. కానీ పతకాల లెక్కకన్నా ముందు మనం చూడాల్సిన గుణం అదీ! సొంత లాభం పోతుందని తెలిసీ ఎదురు మాట్లాడిందా, లేదా?

ఏలూరుకి ఎందుకీ గొడవ?

చట్టసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి కేటాయిస్తూ 2023లో చట్టం వచ్చింది. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాశారు. అమలైన రోజు పార్టీలన్నీ ఆడ అభ్యర్థుల కోసం వెతుకుతాయి. ఎక్కడ వెతుకుతాయి? ముందు నాయకుల ఇళ్లల్లో, తర్వాత తెర మీదా, మైదానంలోనూ.

ఏలూరు చరిత్ర చూడండి. 1957లో మోతే వేదకుమారి గారు, 1962లో వి. విమలాదేవి గారు వరసగా ఇక్కడి నుంచి లోక్‌సభకి వెళ్లారు. అప్పుడు ఏ రిజర్వేషనూ లేదు. 1967 నుంచి 2024 దాకా మళ్లీ ఒక్క ఆడమనిషి కూడా వెళ్లలేదు! ఆడవాళ్లు లేకనా? పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో సగం సీట్లు మనవే. వార్డు మెంబర్లుగా, సర్పంచులుగా, కౌన్సిలర్లుగా పనిచేసి, కుళాయి నుంచి కాలువ దాకా అన్నీ తెలుసుకున్న వాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లని దాటేసి ఒక ప్రసిద్ధ ముఖాన్ని తెచ్చి నిలబెడితే మనం చప్పట్లు కొట్టాలా?

అడగాల్సినవి అడుగుదాం

అభ్యర్థి పతకాల అమ్మాయే కావచ్చు. ఎదురెళ్లి బొట్టు పెడదాం, అది మన మర్యాద. తర్వాత నాలుగు మాటలు అడుగుదాం.

అమ్మాయ్, గెలిచాక ఏ ఊళ్లో ఉంటావు? ఫోను చేస్తే ఎత్తేది నువ్వా, మీ ఆయనా, మీ పీఏనా?

కొల్లేటి లంకల్లో చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం కొనుక్కోవాలి. ఆ సంగతి తెలుసా? 1999లో కొల్లేరుని అభయారణ్యం చేశారు. 2006 నాటికి చేపల చెరువుల గట్లు కొట్టించారు. అటు సరస్సు, ఇటు బతుకుతెరువు. నీ మాట ఏంటి? 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. అలాంటిది మళ్లీ రాకుండా ఏం చేస్తావు?

చివరగా, ఆవిడ మాత్రమే చెప్పగలిగిన సంగతి ఒకటుంది. మన ఇళ్లల్లో పిల్ల పెద్దమనిషి అయితే చాలు, ఇంక గెంతులేంటే అని ఆట మాన్పించేస్తాం. బడిలో మైదానం ఉంటే మరుగుదొడ్డి ఉండదు. రెండూ ఉంటే సాయంత్రం ఇంటికి చేర్చే బస్సుండదు. తాడేపల్లిగూడెంలోనో, కైకలూరులోనో పద్నాలుగేళ్ల పిల్ల ఇంకో నాలుగేళ్లు ఆడుకోవాలంటే ఏం కావాలి? ఆ దారిలో నడిచొచ్చిన ఆవిడకి జవాబు తెలిసే ఉండాలి. చెప్పగలిగితే, చేస్తానంటే, నిలదీసే ధైర్యం ఇదివరకే చూపించి ఉంటే, తప్పకుండా ఓటేద్దాం.

జవాబు లేకపోతే? పక్క వీధిలో అయిదేళ్లు కౌన్సిలర్‌గా చేసిన ఆవిడ ఉంది కదా. ఈసారి ఆవిడకి టికెట్ ఎందుకివ్వరని పార్టీల వాళ్లని మనమే అడగొచ్చు. ఏమంటారు?