వలస కూలీ వార్తకు నిషేధమా!



పోయిన వారం మన మండలం కుర్రాడొకడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తూ ఐదో అంతస్తు నుంచి పడి ప్రాణం విడిచాడు. మేస్త్రీ ఫోన్ ఆపేసుకున్నాడు. తల్లికి మూడో నాటికి గాని కబురందలేదు. కుర్రాడు పడిన చోటికి దగ్గర్లోనే కమ్యూనిటీ రేడియో ఉంది. అందులో ఆ మూడు రోజులూ పాటలే వచ్చాయి. నడిపే పిల్లలది తప్పు కాదు. ఆ చావు వార్త చదివితే లైసెన్సుకే ముప్పు.

కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి వినిపించవచ్చు, అంతే! నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పవచ్చు. కూలి డబ్బులు ఎవరు ఎగ్గొట్టారో చెప్పరాదు. కరెంటు కోత చెప్పవచ్చు. ఇటుక బట్టీలో ఆడమనిషిని కొట్టారని చెప్పరాదు. కోట్లున్నవాడు 24 గంటల న్యూస్ చానల్ పెట్టుకోవచ్చు. నాలుగూళ్లకు వినిపించే రేడియోలో మాత్రం కూలివాడి నోరు కుట్టేశారు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. 1942లో ఉషా మెహతా బొంబాయిలో రహస్య రేడియో నడిపి, తెల్లదొరలు తొక్కిపెట్టిన వార్తలు వినిపించి జైలుకెళ్లింది. ఇవాళ అదే బొంబాయికి మన పాలమూరు జనం కూలికి పోతున్నారు. స్వరాజ్యంలోనూ వార్త చదవడం తప్పే అయితే ఆమె జైలుకెళ్లింది ఎవరి కోసం?

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008లోనే సంఘం రేడియో పెట్టి చూపించారు. ఢిల్లీ పక్కన 2009లో మొదలైన ‘గుడ్‌గావ్ కీ ఆవాజ్’ కమ్యూనిటీ రేడియోలో బీహార్, బుందేల్‌ఖండ్ కూలీలు తమ యాసలో పాడారు, ఫోన్ చేసి గోడు చెప్పుకున్నారు. మనకు చేతగాక కాదు, చేయనివ్వక!

వాట్సాప్ ఉంది కదా అంటారు. అడ్డా మీద రీచార్జి అయిపోయిన కూలీని అడగండి. రేడియోలో వార్తలొస్తే పుకార్లు పుడతాయంటారు. 2020 మార్చిలో 4 గంటల గడువిచ్చి దేశాన్ని మూసినప్పుడు పుకార్లు పుట్టింది నిజం అందకనే.

ఓట్లప్పుడు బస్సులు పెట్టి మరీ వలసపోయినవాళ్లను రప్పిస్తారు. తర్వాత ఐదేళ్లు వాళ్ల మాట ఎవరికీ పట్టదు. ఇక సాగదు!

మన డిమాండ్లు:

– కమ్యూనిటీ రేడియోలో వార్తలపై నిషేధం ఎత్తేయాలి.
– లేబర్ అడ్డాలకు, ఇటుక బట్టీలకు వినిపించేలా కూలీల రేడియోలు రావాలి. మన బట్టీల్లో మగ్గుతున్న ఒడిశాలోని బలాంగీర్, నువాపడా కుటుంబాలకు ఒడియాలోనూ వార్తలుండాలి.
– ప్రమాదం, మరణం, బకాయి కూలి వివరాలు కార్మిక శాఖ అదే రోజు ఆ రేడియోలకు ఇవ్వాలి.

ప్రతి గ్రామసభలో తీర్మానం చేయించండి. ఎంపీని నిలదీసి, పార్లమెంటులో అడుగుతానని రాయించుకోండి. రాసివ్వని ఎంపీకి మేడే నాడు మన అడ్డాల్లో దండలు లేవు, జేజేలు లేవు!