‘విషయం బయటికి రానివ్వకండి’ అనడమూ నేరమే! పాతబస్తీ బడుల్లో పిల్లలకు రక్షణ ఎవరు?

హైదరాబాద్: ‘మేమే విచారణ చేస్తాం. పోలీసుల దాకా ఎందుకు? మీ పాప పేరే పాడవుతుంది.’ బడిలో తమ బిడ్డకు ఏదో జరిగిందని నిలదీసిన తల్లిదండ్రులకు చాలాసార్లు ఎదురయ్యే మాట ఇది. వినడానికి సలహాలాగే ఉంటుంది. కానీ విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోతే స్కూల్ యాజమాన్యం జైలుకెళ్లాల్సి రావొచ్చు. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

ఆ కేసు నేర్పిన పాఠం

2022 అక్టోబర్‌లో నగరాన్ని కుదిపేసిన కేసు గుర్తుందా? బంజారాహిల్స్‌లోని ఓ ప్రైవేటు స్కూల్‌లో ఎల్‌కేజీ చదివే నాలుగేళ్ల పాపపై లైంగిక దాడి జరిగింది. నిందితుడు ప్రిన్సిపాల్ కారు డ్రైవర్. క్లాస్‌రూమ్‌తో ఏ పనీ లేని మనిషి. అయినా పిల్లల దాకా వెళ్లగలిగాడు.

విషయాన్ని పసిగట్టింది స్కూల్ కాదు, ఇంట్లోవాళ్లు. డ్రైవర్‌తో పాటు ప్రిన్సిపాల్‌నూ పోలీసులు అరెస్ట్ చేశారు. సర్కారు స్కూల్ గుర్తింపు రద్దు చేసింది. మిగతా పిల్లల చదువు సంగతేంటని తల్లిదండ్రులు అడగడంతో మళ్లీ తెరవనిచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు డ్రైవర్‌కు 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ప్రిన్సిపాల్ నిర్దోషిగా బయటపడ్డారు.

అంటే సుమారు ఆరు నెలల్లో తీర్పు వచ్చింది. కారణాలు ఎన్నున్నా, మొదటిది ఒక్కటే. కుటుంబం నోరు విప్పింది.

పాతబస్తీలో అదెందుకు కష్టం?

తలాబ్‌కట్ట, యాకుత్‌పురా, కిషన్‌బాగ్ గల్లీల్లో చాలా ప్రైవేటు బడులు అద్దె ఇళ్లలోనే నడుస్తుంటాయి. ఇరుకు మెట్లు, చిన్న గదులు. యాజమాన్యం, టీచర్లు, తల్లిదండ్రులు తరచూ ఒకే బస్తీవాళ్లు. ఫిర్యాదు చేయాలంటే రోజూ ఎదురుపడే మనిషి మీదే చేయాలి. పెద్దమనుషులు కూర్చోబెట్టి సర్దిచెప్పే ప్రయత్నం చేస్తారు.

చివరికి జరిగేదేంటి? తప్పు చేసినోడు గల్లీలో తిరుగుతుంటాడు. పాప బడి మాత్రం ఆగిపోతుంది. బడి మానేసిన ఆడపిల్ల ఇంట్లో ఎన్నాళ్లుంటుంది? గల్ఫ్ షేక్‌లకు మైనర్ అమ్మాయిలను కట్టబెడుతున్న ముఠాను 2017 సెప్టెంబర్‌లో పోలీసులు పట్టుకున్నప్పుడు, అందులో బ్రోకర్లతో పాటు ఖాజీలూ ఉన్నారు. ఆడపిల్లకు బడి అంటే చదువు మాత్రమే కాదు. ఆమె ఏమైందని రోజూ హాజరు తీసుకునే చోటు. అది భద్రంగా లేకపోతే పాప అందరి కళ్ల నుంచీ తప్పిపోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

2012 పోక్సో చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది.

* నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ.
* తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే చెప్పకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా.
* మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లపై కేసు పెట్టడానికి లేదు.
* పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. పోలీసులు యూనిఫామ్‌లో రాకూడదు. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు.

మహారాష్ట్రలోని ఓ స్కూల్ హాస్టల్ కేసులో 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనంది.

మరి ఆటో అన్న సంగతి?

2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లల దగ్గరికి వెళ్లే ప్రతి ఉద్యోగికీ పోలీస్ వెరిఫికేషన్ ఉండాలి. టీచరైనా, ఆయా అయినా, కాంట్రాక్టు వాచ్‌మన్ అయినా అంతే. పిల్లల రక్షణకు స్కూల్‌కు ఓ విధానం కూడా ఉండాలి.

ఇక్కడే ఓ కంత ఉంది. తల్లిదండ్రులే మాట్లాడుకున్న ఆటో డ్రైవర్ స్కూల్ ఉద్యోగి కాదు. కాబట్టి అతని గురించి స్కూల్ అడగదు. నమ్మకం మీద మనమూ అడగం. రోజుకు రెండుసార్లు పాప అతని చేతిలోనే ఉంటుంది. స్కూల్ గేటు దగ్గర ఆటో నంబర్, డ్రైవర్ వివరాలు రాసి ఉంచడానికి పెద్ద ఖర్చేం కాదు.

సీసీ కెమెరాలు కావాల్సిందే. కానీ కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. పాప చెప్పేది వినేందుకు మాత్రం మనిషే ఉండాలి.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

* స్టాఫ్ వెరిఫికేషన్ అయిందా అని యాజమాన్యాన్ని అడగండి. అడగడం మీ హక్కు.
* పాప బడికి వెళ్లనని మొండికేస్తే కొట్టకండి. ఎందుకో నెమ్మదిగా అడగండి.
* అనుమానం వస్తే 1098 లేదా 112కు ఫోన్ చేయండి. పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉంది. పోలీసు, వైద్య, న్యాయ సాయం అక్కడే దొరుకుతాయి.
* పాప ముఖం, పేరు, ఇల్లు, స్కూల్ తెలిసే వీడియోలు షేర్ చేయొద్దు. అదీ నేరమే. ఈ కథనంలో స్కూల్ పేరు రాయనిది అందుకే.

బస్తీలో పేరు పోతుందన్న భయం నిజమే. కాకపోతే పేరు పోవాల్సింది పాపది కాదు. తప్పు చేసినోడిది, దాన్ని దాచినోడిది.